ఫిట్టుకీ ఫిట్సుకీ మధ్య ఒక డ్రైవరు

మా వీధి చివర కొత్తగా జిమ్ పెట్టారు. బోర్డు మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ, దాని కింద తెలుగు అక్షరాల్లోనే ‘బీ ఫిట్’ అని రాయించారు. పొద్దున్నే పాల ప్యాకెట్‌కి వెళ్ళినప్పుడల్లా ఆ బోర్డు కనిపిస్తుంది, నాకు ఒళ్ళు మండుతుంది. నాతో వచ్చే పక్కింటావిడ “ఆ బోర్డు నిన్నేం చేసిందే?” అని నవ్వుతుంది. బోర్డు నన్నేమీ చెయ్యలేదు. ఆ మాట ఒక మనిషిని ఏం చేసిందో నేను దగ్గరుండి చూశాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళు, పై అధికారి ఏ భాషలో అడిగితే ఆ భాషలో తల ఊపేవాళ్ళు ఇది చదవాలని రాస్తున్నాను. చదివాక నా మీద కోపం వస్తే రానివ్వండి.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఏ డిపోయో చెప్పను. మా వైపు వాళ్ళు చెప్పకపోయినా పోల్చుకుంటారు, మిగతావాళ్ళకి అక్కర్లేదు. మా డిపోలో ‘ఫిట్’ అనే మాట లేకుండా పొద్దు గడిచేది కాదు. బస్సు రోడ్డెక్కాలంటే ఫిట్‌నెస్ ఉండాలి. డ్రైవరు స్టీరింగ్ పట్టాలంటే కళ్ళూ గుండే పరీక్ష చేయించుకుని డాక్టరు చేత ఫిట్ అనిపించుకోవాలి. బోల్టు బిగించేవాడు ఫిట్టరు. మన సెలవుకి అడ్డంపడ్డవాడు ‘ఫిట్టింగ్ పెట్టాడు’. యూనిఫాం కుట్టే టైలరు “ఫిట్టింగ్ చూసుకోండమ్మా” అనేవాడు. ఇక మనిషి కిందపడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటే అది ఫిట్స్. మూర్ఛ అనే మాట మనకి లేనట్టు, మా ఊళ్ళలో ముసలమ్మలు కూడా ‘పిట్సు’ అనే అంటారు. బాగుంటే ఫిట్టు, బాగులేకపోతే ఫిట్సు. రెండింటికీ తేడా చివరనున్న ఒక్క ‘స్’. ఆ ఒక్క ‘స్’ మీద కాలు జారిన డ్రైవరు కథ ఇది.

ఆ డ్రైవరుది బొబ్బిలి దగ్గర పల్లె, రైతు కుటుంబం. వరి, కాస్త మెట్ట. మా డిపోలో సగం మంది కుర్ర డ్రైవర్లు ఆయన పక్కన కూర్చుని ఘాట్ రోడ్డు నేర్చుకున్నవాళ్ళే. నన్ను “సెల్లీ” అనేవాడు. నేను అన్నయ్యా అనేదాన్ని. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళు కార్తీక సోమవారాలు చేసేవాళ్ళు, మేం బాప్టిస్టు సంఘం వాళ్ళం. క్రిస్మస్‌కి మా ఇంటి కేకు ఆయన ఇంటికెళ్ళేది, వాళ్ళ పనసకాయ మా ఇంటికొచ్చేది. ఆయన బస్సు నడుపుతుంటే నేను నిలబడి టిక్కెట్లు కొట్టినా ఎక్కడా పట్టుకోవలసిన పని ఉండేది కాదు. అంతకంటే డ్రైవరుకి ఇంకో సర్టిఫికెట్ ఏం కావాలి?

రోహిణీ కార్తె. పెళ్ళిళ్ళ రోజులు. బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. ఆయనకి బదులు రావలసిన డ్రైవరు రాలేదు. “నువ్వే ఇంకో ట్రిప్పు లాగెయ్” అన్నారు. లాగాడు. పొద్దున్న నాలుగు మెతుకులు తిన్నాడో లేదో. మధ్యాహ్నం బస్సు శ్రీకాకుళం స్టాండులో పెట్టి, దిగి, కుళాయి వైపు నడుస్తూ టీ కొట్టు ముందు కూలబడిపోయాడు.

నేను టిక్కెట్ల మిషను భుజాన వేసుకుని పరుగెత్తేసరికే జనం మూగేశారు. ఎవరో కేక పెట్టారు: “పిట్సు! పిట్సు! సేతిలో తాళాలెట్టండర్రా!”

మా వైపే కాదు, తెలుగునాడంతా ఉన్న నమ్మకమే ఇది. మనిషి పడిపోతే చేతిలో ఇనుము పెట్టాలి. ఇనుము పెడితే మూర్ఛ ఆగదని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు, ఎవరు వింటారు? టీ కొట్టాయన తాళాల గుత్తి తెచ్చి ఆయన గుప్పిట్లో కుక్కాడు. ఇంకొకడు స్క్రూడ్రైవరు తెచ్చి రెండో చేతిలో పెట్టాడు. ఆయన కాలు కొట్టుకోలేదు, నోట్లో నురగ లేదు, చల్లగా చెమట పట్టి పడి ఉన్నాడు, అంతే. కానీ రెండు చేతుల్లోనూ ఇనుము పెట్టాక చూసేవాళ్ళకి అది మూర్ఛ కాక ఇంకేమవుతుంది? ఒక్కడు గ్లాసుడు నీళ్ళు తేలేదు. నలుగురు మాత్రం ఫొటో తీశారు.

జనాన్ని తోసుకెళ్ళి నా సీసాలో నీళ్ళు మొహాన కొట్టాను. కళ్ళు తెరిచాడు. తెరిచి అడిగిన మొదటి మాట, “సెల్లీ, బండికి హ్యాండ్ బ్రేకు ఏసినానా?”

వేశాడు. పడిపోయేలోపు కూడా బండిని వదల్లేదు ఆ మనిషి.

డిపో జీపులో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తోడుగా మా గ్యారేజీలో పనిచేసే ఫిట్టరు వెళ్ళాడు. ఫిట్టరుది పొందూరు పక్క. వాళ్ళమ్మ ఇంటి అరుగు మీద నూలు వడికేది. ఇంజిను చప్పుడు విని రోగం చెప్పే పనిమంతుడే గానీ, కుర్చీలో కూర్చున్న మనిషి ముందు నిలబడితే మాత్రం నాలుక పిడచకట్టుకుపోయేది. ఆస్పత్రిలో అన్ని పరీక్షలూ చేసి, ఎండకి, కడుపులో ఏమీ లేక సోలిపోయాడు, అంతకు మించి ఏమీ లేదని డాక్టరు చెప్పాడు. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని స్టీరింగ్ పట్టొచ్చన్నాడు. ఫిట్టరు సంతోషంగా డిపో మేనేజరుకి ఫోన్ చేశాడు.

మేనేజరుగారు అప్పటికి కొత్తగా వచ్చారు. మా వైపు మనిషి కాదు. చెడ్డవాడూ కాదు, ఆ మాట ముందే చెప్పాలి. చెయ్యి చాచే అలవాటు లేదు, తొమ్మిదింటికల్లా సీట్లో ఉండేవాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే. మేం మాట్లాడితే మొహం చిట్లించి, “ఏంటీ? తెలుగులో చెప్పండి” అనేవాడు. తెలుగులో చెప్పాలట! మరి మేం మాట్లాడేది ఏ దేశపు భాష?

మనిషి ఫిట్ అని డాక్టరు తేల్చాడని చెప్పబోయి ఆ ఫోన్లో ఫిట్టరు అన్న మాట ఇది: “సార్, డాక్టరు బాబు ఫిట్ సేసినారు సార్.”

మా వైపు నోళ్ళలో మాట మొదటి ‘చ’ పలకదు, ‘స’ అవుతుంది. చేశారు అనేది సేసినారు అవుతుంది. వేశారు అనేది ఏసినారు అవుతుంది. ఇప్పుడు మీరే ఒకసారి పైకి అని చూడండి: ఫిట్ సేసినారు. గబగబా అనండి. మేనేజరుగారి చెవిలో పడింది ‘ఫిట్స్ ఏసినారు’ అని. అంటే ఫిట్స్ అని రాశారని. అప్పటికే ఆయన సెల్లులో ఫొటో ఉంది, రెండు చేతుల్లో ఇనుముతో డ్రైవరు పడి ఉన్న ఫొటో. చెవి వినాలనుకున్నదే విన్నది.

ఆయన మళ్ళీ అడిగాడట, “ఫిట్స్ అన్నారా?” అని. ఫిట్టరు “అవున్సార్” అన్నాడు. ఎందుకురా అన్నావు అని తర్వాత నేను నిలేస్తే వాడి జవాబు, “మేనేజరు బాబు ఇంగ్లీసు సదువుకున్నోరు గదప్పా. మనం ఫిట్టంటే ఆరు ఫిట్సంటారేమో అనుకున్నాను. పెద్దోళ్ళ మాటకి ఒక ‘స్’ ఎక్కువుంటాది గదా.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాడి తప్పు ఏముంది? బస్సుని బస్సెస్ అనేవాళ్ళనీ, షూని షూస్ అనేవాళ్ళనీ చూసే పెరిగాడు.

మేనేజరుగారు ఫోన్ పెట్టేసి వెంటనే పైవాళ్ళకి చెప్పారు, మా డిపోలో ఒక ఫిట్స్ కేసు బయటపడింది, అప్పటికప్పుడే స్టీరింగ్ నుంచి తప్పించాను అని. పైవాళ్ళు శభాష్ అన్నారు. అసలు మెలిక ఇక్కడుంది, గుర్తుపెట్టుకోండి. తప్పు వినడం ఎవరికైనా జరుగుతుంది. విన్న తప్పుకి శభాష్ వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం మాత్రం మనుషుల వల్ల కాదు.

మూడో నాటికి ఆస్పత్రి నుంచి మనిషి నిక్షేపంగా ఉన్నాడని కాగితం వచ్చింది. మేనేజరు దాన్ని పక్కకి నెట్టారు. “ఫోన్లో ఫిట్స్ అని మీవాడే చెప్పాడు. నేను చెవులారా విన్నాను. తర్వాత ఎవరో రికమెండేషన్ పెట్టి కాగితం మార్పించుకున్నారు” అన్నారు. అక్కడితో ఆగలేదు. అబద్ధం ఆడినందుకు ఫిట్టరు మీద కూడా విచారణ అన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాడు రోగి అయిపోయాడు, నిజం చెప్పినవాడు దొంగ అయిపోయాడు. విన్నవాడు ఒక్కడే నిప్పులాంటి మనిషి.

నేను ఆయన గదిలోకి వెళ్ళాను. మా మాట తీరు ఇదీ, వినడంలో పొరపాటు ఇలా జరిగి ఉంటుంది అని నెమ్మదిగానే చెప్పాను. నెమ్మదిగా మాట్లాడడం నాకెంత కష్టమో మా డిపోలో అందరికీ తెలుసు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “ప్రయాణికుల ప్రాణాలమ్మా. మీ యాస మీద నేను రిస్క్ తీసుకోలేను. అయినా మీవాళ్ళకి స్పష్టంగా మాట్లాడడం నేర్పండి” అన్నారు. ప్రయాణికుల ప్రాణాల సంగతి ఆయన కంటే నాకు ఎక్కువ తెలుసు. రోజూ ఆ బస్సులో వాళ్ళ మధ్య నిలబడేది నేను, ఆయన కాదు.

డ్రైవరన్నయ్యకి లైట్ డ్యూటీ వేశారు. ఆ మాట వినడానికి ఎంత హాయిగా ఉందో చూడండి. డిపో గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, బస్సు వచ్చినప్పుడు గేటు తియ్యాలి, వెళ్ళాక వెయ్యాలి. ఆయన దగ్గర గేరు మార్చడం నేర్చుకున్నవాళ్ళు బస్సు తోలుకుంటూ ఆయన ముందు నుంచే పోయేవారు. మొదట్లో హారను కొట్టి పలకరించేవారు. తర్వాత మొహమాటపడి అటు తిరిగి పోవడం మొదలుపెట్టారు. అది ఆయనకి ఇంకా బాధ.

ఊళ్ళో సంగతి ఇంకా అన్యాయం. ఫొటో ముందే చేరింది, తర్వాత స్టీరింగ్ తీసేశారన్న కబురు చేరింది. ఇంకేం కావాలి? నేల బావి దగ్గరికి ఒంటరిగా వెళ్ళనివ్వలేదు. పొయ్యి దగ్గర కూర్చోనివ్వలేదు. సైకిలెక్కితే పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి హ్యాండిలు పట్టుకునేవారు. ఆయన భార్య ఆయన మొలతాడుకి ఇనప తాళం చెవి ఒకటి కట్టింది. స్నానం చేసినా తియ్యడానికి వీల్లేదని ఒట్టు వేయించుకుంది. మూర్ఛ ఉన్నవాళ్ళు కూడా మనుషులే, మందులేసుకుని చక్కగా బతుకుతారు, వాళ్ళని ఇలా కట్టిపడేయడమే పాపం. ఇక లేని రోగానికి ఇంత కాపలానా!

ఒకరోజు గేటు దగ్గర ఆగి, “ఏటన్నయ్యా ఇది, ఆ తాళం విప్పి పారెయ్యి. నీకు రోగం నేదని నీకు తెలీదా?” అని గదమాయించాను.

“తెలీదు సెల్లీ” అన్నాడు. “వచ్చినోడికి వచ్చినట్టు తెలీదంట గదా. అందరూ సెప్తన్నారు. మరి నాకొచ్చిందో నేదో నాకెలగ తెలస్తాది?”

ఎవడి చెవిలోనో పుట్టిన రోగం మనిషి మనసులోకి ఎక్కేసింది. ఆ రోజు బస్సులో చిల్లర కోసం ఎవరితోనూ పోట్లాడలేదు నేను. అంత నీరసం వచ్చింది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి మా నాన్నగారి ఇంగ్లీషు నిఘంటువు దించాను. మా నాన్నగారు మిషన్ బళ్ళో ఇంగ్లీషు చెప్పేవారు. ఆదివారం ఒక్కరోజే బైబిలు, మిగతా ఆరు రోజులూ ఆయనకి ఆ నిఘంటువే దైవవాక్యం. అట్ట ఊడిపోయినా పారెయ్యలేక ఉంచుకున్నాను. ఈ దిక్కుమాలిన మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చూద్దామని వెతికాను.

మూర్ఛ అనే అర్థమున్న ‘ఫిట్’ చాలా పాతదట. ఇంగ్లీషు వాళ్ళ పూర్వీకుల భాషలో ఆ మాటకి పోరాటం, పెనుగులాట అని అర్థమట. ఒంట్లో ఏదో పెనుగులాడుతోందని జబ్బుకి ఆ పేరు పెట్టి ఉంటారు. తగిన, సరిపడిన అనే అర్థమున్న ‘ఫిట్’ మాత్రం తర్వాత వచ్చింది. అది ఎక్కడ పుట్టిందో పండితులకే గట్టిగా తెలియదట. ఒక ఊహ మాత్రం ఉంది. పోరులో ఎదురు నిలవగల సమ ఉజ్జీని ఒకప్పుడు ‘ఫిట్’ అనేవారని, దాన్నుంచే తగినవాడు అనే అర్థం వచ్చి ఉండొచ్చని. అంటే రెండు మాటలూ ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు కావచ్చు, కాకపోవచ్చు. తమ మాట పుట్టుక తమకే తేలని వాళ్ళు మా బతుకుల మీద దాన్ని ముద్ర గుద్ది వదిలారు. వాళ్ళు పోయినా ముద్ర గుద్దేవాళ్ళు పోలేదు.

సమ ఉజ్జీ అన్న మాట దగ్గర మాత్రం నా వేలు ఆగిపోయింది. మా డ్రైవరుకీ ఆ ఆఫీసుకీ ఎక్కడి సమ ఉజ్జీ? ఒకవైపు టేబులు, కుర్చీ, ఫోను, ఇంగ్లీషు. ఇటువైపు తెలుగు మాట్లాడినా తెలుగు కాదనిపించుకునే నాలుక. నిఘంటువు మూసేశాను. అది చదివితే కోపం తగ్గుతుందనుకున్నాను, రెట్టింపైంది.

ఆఖరికి విచారణ రోజు వచ్చింది. పై ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మేనేజరుగారు, డ్రైవరు, ఫిట్టరు, పడిపోయినప్పుడు చూసిన సాక్షిగా నేను. నేను చూసింది చూసినట్టు చెప్పాను. తర్వాత పెద్దాయన ఫిట్టరుని పిలిచి, “ఫోన్లో నువ్వు ఏమన్నావో ఆ ముక్క యథాతథంగా చెప్పు” అన్నారు.

నా గుండె కుదుటపడింది. వాడు ఆ ఒక్క మాట అంటే చాలు, చెవులున్న వాడెవడికైనా తెలిసిపోతుంది.

ఫిట్టరు చేతులు కట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. రేడియోలో వార్తలు చదివేవాడిలా, ఒక్కొక్క అక్షరం విడదీసి, “డాక్టరు గారు... ఫిట్ చే-శా-ర-ని... మనవి చేసుకున్నానండి” అన్నాడు.

నేను తల పట్టుకున్నాను. స్పష్టంగా మాట్లాడ్డం నేర్చుకోండని మేనేజరు గ్యారేజీలో అందరి ముందూ వీణ్ణి చాలాసార్లు చీవాట్లు పెట్టారు. వెధవ, రాత్రీ పగలూ సాధన చేసి నేర్చుకున్నాడు! ఏ ఒక్కరోజు వాడి సొంత మాట వాడిని కాపాడాలో, ఆ రోజే దాన్ని ఇంట్లో వదిలేసి వచ్చాడు.

మేనేజరుగారి మొహం వెలిగిపోయింది. “చూశారా సార్! ఇంత శుభ్రంగా చెబితే నేను ఫిట్స్ అని ఎందుకు వింటాను? మాట మారుస్తున్నాడు.”

పెద్దాయన కలం తీశారు. డ్రైవరన్నయ్య నా వైపు చూశాడు. ఇక అయిపోయిందన్న చూపు అది. అప్పుడు నాకు పట్టిన ఆవేశం ఇప్పటికీ తగ్గలేదు.

“ఆగండి సార్” అన్నాను. “ఈడు ఇలగ మాట్లాడ్డం నాను పుట్టి ఎరగను. ఈడి నోటికి ‘చ’ తిరగదు. తిరక్కపోవడం తప్పనుకుంటే మా జిల్లా జిల్లానే విచారణ సేసుకోండి.” ఫిట్టరు వైపు తిరిగాను. “ఒరే, ఇటు సూడు. ఇక్కడ సారూ నేడు, ఎవులూ నేరు. మీ అమ్మకి ఫోన్ సేసి ఇదే కబురు సెప్పాలి. ఏటని సెప్తావు?”

వాడు నేల చూస్తున్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి. పెద్దల ముందు అమ్మతో మాట్లాడే మాట మాట్లాడ్డమంటే వాడికి బట్టలు విప్పమన్నట్టుంది.

“సెప్పరా! ఆ మడిసి బతుకు నీ నాలిక మీదున్నాది!”

ఒక్క గుక్కలో వచ్చేసింది. “అమా, డ్రైవరు బావకి డాక్టరు బాబు ఫిట్ సేసినాడే, రెండ్రోజుల్లో బండెక్కీమన్నాడే!”

పెద్దాయన కలం పెట్టేశారు. “మళ్ళీ అను” అన్నారు. వాడు మళ్ళీ అన్నాడు. పెద్దాయన పెదాల మీద తనే అనుకున్నారు, “ఫిట్ సేసినాడు... ఫిట్స్ ఏసినాడు.” ఇంకోసారి అనుకున్నారు. తర్వాత పెద్దగా నవ్వారు. ఆయన నవ్వితే మేనేజరూ నవ్వారు. “అదా సంగతి! మీ భాషతో చస్తున్నామమ్మా” అన్నారు మేనేజరుగారు. టీ తెప్పించారు. ఏదో పెళ్ళిలో పొరపాటున వేరే పందిట్లోకి వెళ్ళి భోంచేసినవాళ్ళలా కులాసాగా కబుర్లు చెప్పుకున్నారు.

డ్రైవరన్నయ్య నవ్వలేదు. ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే చల్లారిపోయింది.

“నవ్వకండి సార్” అన్నాను. “ఇంత జరిగాక తప్పయిందని ఒక మాట ఆయనకి చెప్పండి.”

“పోనీలేమ్మా, ఫిట్ అయ్యాడుగా” అన్నారు పెద్దాయన. తప్పయిందన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద ఒక ఆర్డరు మాత్రం వచ్చింది, ఇకమీదట సిబ్బంది ఫోన్లో స్పష్టమైన, అందరికీ అర్థమయ్యే భాషలో మాట్లాడాలని. తప్పు వాళ్ళ చెవిది. శిక్ష మా నాలుకకి. ఆ బోర్డు ముందు నిలబడి నేను తిట్టిన తిట్లు మాత్రం చాలా స్పష్టమైన భాషలోనే ఉన్నాయి, అందరికీ అర్థమయ్యాయి.

ఆయన మళ్ళీ స్టీరింగ్ పట్టే రోజు వచ్చింది. పట్టుబట్టి ఆ డ్యూటీ నేనే వేయించుకున్నాను. బొబ్బిలి స్టాండులో బస్సు నిండింది. ఆయన తలుపు తీసి సీటెక్కాడు. ముందు వరసలో కూర్చున్న ఒకామె మెడ సాచి చూసింది. పక్కామె చెవిలో ఏదో అంది. “ఈయనకి పిట్సు గదా?” అన్న మాట సీటు నుంచి సీటుకి పాకింది. ఒక మగమనిషి సంచీ తీసుకుని దిగాడు. ఆయన వెనక ఇద్దరు. తర్వాత పిల్లల్ని ఎత్తుకుని ఒక కుటుంబం మొత్తం.

నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి గొంతు చించుకున్నాను. “ఎందుకు దిగుతన్నారు? ఈయనకి పెద్దాస్పత్రిలో ఫిట్ సేసినారు! వింటన్నారా, డాక్టరే ఫిట్ సేసినారు!”

వంకాయల గంపతో ఎక్కబోతున్న ఒక ముసలమ్మ కాలు వెనక్కి తీసుకుంది. “ఓలమ్మ! పిట్స్ ఏసినారంట! కండెట్రమ్మే సెప్తన్నాది, దిగిపోండర్రా!”

ఇంకో పదిమంది దిగిపోయారు.

ఇన్నాళ్ళూ మేనేజరు చెవిని తిట్టాను. ఈ ముసలమ్మ చెవి మా వైపు చెవే. మాట నా నోటిదే. అయినా అదే జరిగింది. ఆయనని దింపడానికి ఆ మాట ఎంత బాగా పనికొచ్చిందో, ఎక్కించడానికి అంత పనికిమాలినది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. అద్దంలో ఆయన చేతులు కనిపిస్తున్నాయి, స్టీరింగ్ మీద కదలకుండా ఉన్నాయి.

కిందకి దిగి ముసలమ్మ గంప పట్టుకున్నాను. “అమ్మా, ఆ రోజు ఎండకి సోలిపోనాడు. తిండి నేక పడిపోనాడు. ఏ రోగమూ నేదు. మడిసి బాగున్నాడు.”

“బాగున్నాడా?”

“బాగున్నాడు.”

“నిజంగా?”

“యేసుప్రభువు సాచ్చిగా బాగున్నాడమ్మా.”

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “అయితే ఇందాకట్నుంచి ఆ మాయదారి మాటేటే? బాగున్నాడని సెప్తే ఎక్కకుండా ఆగుదునా నాను?” అని గంప నా చేతిలోనే వదిలేసి, బస్సెక్కి, సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. దిగినవాళ్ళలో కొందరు ఆమెని చూసి ఎక్కారు. మిగిలినవాళ్ళు తర్వాతి బస్సుకి ఆగిపోయారు. వాళ్ళని నేను పిలవలేదు. సగం ఖాళీగా ఉన్న బస్సులోకి ఎక్కి తలుపు వేశాను.

“రైట్” అన్నాను. బండి కదల్లేదు.

ముందుకెళ్ళాను. “రైట్ అన్నాను గదన్నయ్యా.”

ఆయన నా వైపు తిరగలేదు. రోడ్డు కేసే చూస్తున్నాడు. “సెల్లీ, ఆ మాట ఇంకోసారి అను.”

“రైట్ అనా?”

“కాదు. ముసిలమ్మకి సెప్పినావే, అది.” ఆయన చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద ఆగింది. “ఆస్పత్రిలో ఫిట్టన్నారు, ఆపీసులో ఫిట్సన్నారు, మళ్ళీ ఫిట్టన్నారు. ఇంటికాడ ఏడిసినారు. ఇన్నాళ్ళూ ఎవులూ నన్నా మాట అనలేదు.”

నేను వంగి ఆయన చెవి దగ్గర అన్నాను, “బాగున్నావన్నయ్యా.”

ఆయన భుజంతో కళ్ళు తుడుచుకుని గేరు వేశాడు.